ఇంటిమాట, బడిమాట: ఉత్తరాంధ్ర తరగతిగదిలో ఛాత్రోపాధ్యాయుడు నేర్చుకొనే పాఠాలు

వ్యాససంగ్రహం

ఉపాధ్యాయశిక్షణలో భాగంగా పాఠశాలకు వెళ్ళే ఛాత్రోపాధ్యాయులను మొదట కలవరపెట్టేది తరగతిని అదుపులో ఉంచడం. అల్లరిగా, మొండితనంగా, మందకొడితనంగా కనిపించే ప్రవర్తనలో గణనీయమైన భాగం పిల్లల ఇంటిమాటకూ బడిమాటకూ మధ్య ఉన్న దూరం నుంచి పుడుతుందని, దానిని గుర్తించడమే తరగతి నిర్వహణలో తొలిమెట్టని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలోని కళింగాంధ్ర మాండలికాన్ని, సవరభాషను, తీరప్రాంత వలసజీవితాన్ని ఇందుకు ఆధారంగా తీసుకొంటుంది. గిడుగు రామమూర్తి అధ్యాపకజీవితాన్ని కూడా ఈ దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఛాత్రోపాధ్యాయుడు, తరగతి నిర్వహణ, కళింగాంధ్ర మాండలికం, సవరభాష, గిడుగు రామమూర్తి, బహుభాషావిద్య.

1. ఉపోద్ఘాతం

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో జారీ చేసిన నిబంధనల ప్రకారం బి.ఎడ్. రెండేళ్ళ కోర్సుగా మారింది. అందులో కనీసం 20 వారాలు పాఠశాలలోనే గడపాలి. అంతకుముందున్న కొద్దివారాల బోధనాభ్యాసంతో పోలిస్తే ఇది పెద్ద మార్పే. అయితే ఛాత్రోపాధ్యాయుని భయం మాత్రం పాతదే. శిక్షణ కళాశాలలో తరగతి నిర్వహణ ఒక అధ్యాయం. బడిలో అది మొదటి పది నిమిషాల సంగతి. నల్లబల్లవైపు తిరిగి పాఠం పేరు రాసేలోపు వెనుక వరుసలో సద్దు మొదలవుతుంది. పాఠ్యపథకంలో ‘పునశ్చరణ’ అని రాసుకొన్న మూడు ప్రశ్నలకు ఎవరూ జవాబు చెప్పరు. ఇద్దరు కొట్టుకొంటారు, ఒకరు నిద్రపోతారు.

అప్పుడు కొత్తవారికి తోచే ఉపాయాలు గొంతు పెంచడం, మార్కుల మాట ఎత్తి బెదిరించడం, బెత్తం. మూడవదానిని చట్టం తీసివేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. పాత వీథిబడులలో గోడకుర్చీ, గుంజిళ్ళు, తాడుకు వేలాడదీసే కోదండం సాధారణ శిక్షలు. కోదండం ఎక్కిన పిల్లవాడు పాఠం నేర్చాడో లేదో గాని, బడి అంటే భయపడడం మాత్రం నేర్చుకొన్నాడు. బెత్తం పోయినా దాని వెనుక ఉన్న ఊహ పోలేదు. అల్లరి అనేది పిల్లవాని గుణమని, దానిని అణచడమే నిర్వహణ అని ఆ ఊహ. ఈ వ్యాసం ప్రశ్నిస్తున్నది దానినే.

ఈ సందర్భంలో ఒక చిన్న మాట. తెలుగుసాహిత్యంలో అందరికీ తెలిసిన గురుశిష్యుల జంట విజయనగరం నుంచే వచ్చింది: 1892లో తొలిసారి ప్రదర్శితమైన కన్యాశుల్కంలోని గిరీశం, వెంకటేశం. గిరీశానికి శిష్యుణ్ణి నియంత్రించడంలో ఏ ఇబ్బందీ లేదు. వెంకటేశం అతని మాట జవదాటడు, పరీక్ష మాత్రం తప్పుతాడు. విధేయత వేరు, అభ్యసనం వేరు అని చెప్పడానికి గురజాడకు విద్యాశాస్త్ర పరిభాష అవసరం కాలేదు.

2. నిర్వహణ అంటే ముందుచూపు

తరగతి నిర్వహణపై నేటికీ ఎక్కువగా ప్రస్తావించే పరిశోధన అమెరికన్ మనోవిజ్ఞానవేత్త జేకబ్ కూనిన్‌ది. 1970లో వెలువడిన ఆయన గ్రంథంలోని ప్రధాన నిర్ధారణ ఆశ్చర్యం కలిగిస్తుంది. అల్లరి జరిగిన తరవాత ఉపాధ్యాయుడు దానిని ఆపిన తీరుకూ, ఆ తరగతి క్రమశిక్షణకూ మధ్య నిలకడైన సంబంధం కనిపించలేదు. క్రమం ఉన్న తరగతులకూ లేని తరగతులకూ తేడా అల్లరికి ముందు జరిగేదానిలో ఉంది. తరగతిలో నలుమూలలా ఏమి జరుగుతున్నదో ఉపాధ్యాయునికి తెలుసని పిల్లలకు తెలియడం, ఒక పని నుంచి మరొకదానికి తెంపు లేకుండా సాగడం, అందరికీ చేతిలో పని ఉండడం ముఖ్యమని ఆయన చూపాడు.

దీనిని మన బడులకు అన్వయించేటప్పుడు ఒక మాట చేర్చాలి. చేతిలో పని ఉండాలంటే ముందు ఆ పని ఏమిటో పిల్లవానికి అర్థం కావాలి. అర్థం కానిచోట తెంపు రాక తప్పదు, తెంపు వచ్చినచోట సద్దు పుడుతుంది. ఉత్తరాంధ్రలో ఈ తెంపుకు భాష ఒక ముఖ్యకారణం.

3. కొండకు వెళ్ళిన అధ్యాపకుడు

ఈ ప్రాంతంలో ఈ సంగతిని తొలిగా, లోతుగా గ్రహించినవారు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా చేరారు. వ్యవహారభాషోద్యమ నాయకునిగా ఆయనను స్మరించుకొంటాం, ఆయన జన్మదినాన్ని తెలుగుభాషా దినోత్సవంగా జరుపుకొంటాం. ఆ ఉద్యమానికి మూలం మాత్రం బడిలోనే ఉంది.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు నివసించేవారు. వారికి చదువు చెప్పాలంటే వారి భాష తనకు రావాలని రామమూర్తి భావించారు. ఆధారపడదగిన నిఘంటువు, వ్యాకరణం లేని భాషను, రెండు భాషలూ తెలిసిన సవర సహాయకుల ద్వారా విని నేర్చుకొన్నారు. సవరభాషలో వాచకాలు సిద్ధం చేసి, సొంత ఖర్చుతో సవరపిల్లలకు బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం తరఫున అచ్చయ్యాయి. అంటే దాదాపు అర్ధశతాబ్ది పాటు ఆ భాషను ఆయన విడువలేదు.

వరుసక్రమం గమనించదగినది. సవర ముందు, వ్యావహారిక తెలుగు తరవాత. 1907 ప్రాంతంలో పాఠశాలల పర్యవేక్షణాధికారి జె.ఎ. యేట్స్, బడిలో నేర్పే తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగినప్పుడు, రామమూర్తి అప్పటికే చాలా ఏళ్ళుగా పుస్తకం లేని భాషను నోటినుంచి నేర్చుకొంటూ ఉన్నారు. భాషకు ప్రాణం వాడుకలో ఉందన్న నిశ్చయం ఆయనకు గ్రంథాల నుంచి మాత్రమే వచ్చింది కాదు. విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఈ చర్చలో తోడయ్యారు. సాహిత్యచరిత్రకారులు దీనిని గ్రాంథిక-వ్యావహారిక వివాదంగా నమోదు చేశారు, అది సరే. ఉపాధ్యాయవిద్య దృష్టితో చూస్తే, బడులు తిరిగిన ఒక అధికారి ప్రశ్నకు, తరగతిలో నిలబడిన ఒక అధ్యాపకుడు వెదికిన సమాధానం అది. మన శిక్షణ కళాశాలల పాఠ్యప్రణాళికలో రామమూర్తి తెలుగు బోధనపద్ధతుల పత్రానికే పరిమితం కావడం నాకు సమంజసంగా తోచదు. ఆయన స్థానం తరగతి నిర్వహణ పత్రంలో కూడా ఉంది.

4. ‘ఏటి మాస్టారూ?’

మైదానప్రాంత బడిలో సమస్య మరొక భాషతో కాదు, తెలుగుతోనే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో పిల్లవాడు ‘నేను’ అనడు, ‘నాను’ అంటాడు. ‘తినేశాను’ కాదు, ‘తినీసినాను’. త్వరగా అనడానికి ‘బేగి’. ఈ మాట ఒడియాలోనూ ఉంది, దీని మూలం సంస్కృత ‘వేగ’ శబ్దం. అబ్బాయి ‘గుంటడు’, అమ్మాయి ‘గుంట’, అక్క ‘అప్ప’. ‘ఏమిటి’ అన్నది ‘ఏటి’ అవుతుంది.

వేరే జిల్లా నుంచి వచ్చిన ఛాత్రోపాధ్యాయునికి వీటిలో కొన్ని మర్యాద తప్పిన మాటలుగా వినిపిస్తాయి. ‘ఆ గుంటడు నా పెన్సిలు పట్టుకెల్లిపోనాడు’ అని ఫిర్యాదు చేసిన బాలిక, పెన్సిలు సంగతి అటుంచి, నోటిదురుసు కింద మందలింపు తింటుంది. పిలిస్తే ‘ఏటి మాస్టారూ?’ అని లేచిన పిల్లవానిది ఎదురుప్రశ్న అనిపిస్తుంది. నిజానికి అతడు పలికాడు, అంతే. తాతను, తండ్రిని ‘నువ్వు’ అని పిలిచే ఇంటినుంచి వచ్చిన పిల్లవాడు ఉపాధ్యాయుణ్ణి కూడా అలా పిలిస్తే అది చనువే గాని ధిక్కారం కాదు. ‘మీరు’ అనడం నేర్పవలసిన విషయమే. కాని నేర్పడం వేరు, శిక్షించడం వేరు.

ఇంకొక పార్శ్వం ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యమైనది. ఈ ప్రాంతపు బడులకు వచ్చే ఛాత్రోపాధ్యాయులలో చాలామంది ఈ ప్రాంతంవారే. ‘బేగి’ వారి ఇంటిమాట కూడా. అయినా తరగతిలో అడుగుపెట్టగానే దానిని దాచుకొంటారు, పాఠ్యపుస్తకపు భాషలో మాట్లాడడమే ఉపాధ్యాయత్వమని భావిస్తారు. పిల్లవాడు ‘నాను’ అనగానే ‘నాను కాదు, నేను’ అని వాక్యం మధ్యలోనే సరిదిద్దుతారు. పిల్లవాడు చెప్పబోయిన విషయం అక్కడ ఆగిపోతుంది. రెండుమూడు సార్లు ఇలా జరిగితే అతడు జవాబు చెప్పడం మానుకొంటాడు. ఆ తరవాత అతనికి తరగతిలో మిగిలే పని పక్కవాడిని గిల్లడమే.

చెప్పింది పూర్తిగా విని, విషయాన్ని ఒప్పుకొని, తరవాత అదే వాక్యాన్ని ఉపాధ్యాయుడు ప్రమాణభాషలో తిరిగి పలకడం మేలైన పద్ధతి. ‘మా అయ్య బేగొచ్చీసినాడు’ అని పిల్లవాడంటే, ‘ఓహో, మీ నాన్న త్వరగా వచ్చేశాడా! ఎక్కడినుంచి?’ అని సంభాషణ కొనసాగించాలి. పిల్లవాడు రెండు రూపాలూ వింటాడు, అవమానం పొందడు. నల్లబల్లకు ఒకవైపు ‘మన ఊరిమాట’, మరొకవైపు ‘పుస్తకంమాట’ అని రెండు వరుసలు గీసి పిల్లల చేతనే నింపించడం మూడవ తరగతి నుంచి సాధ్యమే. ఈ పని సాగుతున్నప్పుడు తరగతిలో సద్దు ఉంటుంది. అది పనిలో పుట్టిన సద్దు. పర్యవేక్షకులు ఈ రెండు రకాల సద్దుకూ తేడా గుర్తించగలగాలి.

ప్రమాణభాష అక్కరలేదని ఎవరూ అనడం లేదు. పరీక్ష, ఉద్యోగం, పత్రిక అన్నీ దానిలోనే ఉన్నాయి. ఆంగ్లమాధ్యమం చర్చ ఈ వ్యాసపరిధిలోనిది కాదు. ఏ మాధ్యమమైనా పిల్లవాడు బయలుదేరేది తన ఇంటిమాట నుంచే.

5. పన్నెండు దాటిన తరవాత

సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం, కురుపాం కొండప్రాంతాలు 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. అంతకుముందు ఇవి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవే. ఇక్కడ సవర, జాతాపు, కొండదొర తదితర గిరిజనుల పిల్లలు చదువుకొంటారు. కువి, కొండ భాషలు ద్రావిడకుటుంబానికి చెందినవి. సవర ముండా శాఖది, తెలుగుతో దానికి కుటుంబసంబంధమే లేదు.

తెలుగులో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని క్రియాపదమే పురుషుణ్ణి, స్త్రీని వేరుచేస్తుంది. సవర క్రియాపదంలో ఈ భేదం లేదు. సవరపిల్లవాడు ‘అమ్మ వచ్చాడు’ అంటే తరగతి గొల్లుమంటుంది. అది తెలివితక్కువ కాదు, తన భాషావ్యవస్థను తెలుగుకు అన్వయించిన తర్కం. ఆ నవ్వును ఛాత్రోపాధ్యాయుడు ఆ క్షణంలో ఎలా ఎదుర్కొంటాడన్న దానిపై ఆ పిల్లవాడు ఆ ఏడాది మళ్ళీ నోరు తెరుస్తాడా లేదా అన్నది ఆధారపడవచ్చు. అతనితో కలిసి నవ్వకపోవడం చాలదు. ‘సవరలో ఎలా అంటారు, మాకు చెప్పు’ అని అడిగితే తెలియనివారు మారిపోతారు. ఇప్పుడు తెలియనిది మిగిలినవారికి.

గణితంలో ఇది మరింత ఆసక్తికరం. సంప్రదాయ సవర లెక్కలో ఒకటి నుంచి పన్నెండు వరకు విడివిడి పేర్లున్నాయి. పదమూడు అంటే ‘పన్నెండు-ఒకటి’, పందొమ్మిది అంటే ‘పన్నెండు-ఏడు’. ఇరవైకి మళ్ళీ వేరే పేరు. ముప్పైరెండు ‘ఇరవై-పన్నెండు’ అవుతుంది, ముప్పైమూడు ‘ఇరవై-పన్నెండు-ఒకటి’ అవుతుంది. నలభై అంటే రెండు ఇరవైలు. పన్నెండు, ఇరవై అనే రెండు ఆధారాలను కలిపిన ఇలాంటి సంఖ్యావ్యవస్థ ప్రపంచభాషలలోనే అరుదు.

స్థానవిలువలు బోధించే ఛాత్రోపాధ్యాయుడు పది పుల్లల కట్టలు మూడు, విడిపుల్లలు మూడు పెట్టి ముప్పైమూడు చూపుతాడు. తెలుగుమాటలో ‘ముప్పై’, ‘మూడు’ వినిపిస్తాయి గనుక తెలుగుపిల్లవానికి కట్టలకూ మాటకూ పొత్తు కుదురుతుంది. ఇంట్లో సవర లెక్క వింటూ పెరిగిన పిల్లవానికి అదే సంఖ్య ఇరవై, పన్నెండు, ఒకటిగా విడిపోతుంది. అతడు కట్టలవైపు చూసి ఊరకుండిపోతే లెక్క రాదని కాదు, అతనికి వచ్చిన లెక్క వేరని అర్థం. అయితే ప్రతి సవరపిల్లవాడూ ఇంట్లో ఆ లెక్కే విన్నాడని ముందే అనుకోకూడదు. సంతవ్యవహారం తెలుగు సంఖ్యలలోనే సాగుతుంది. అడిగి తెలుసుకోవాలి. చింతపిక్కలు దోసెడు చేతికిచ్చి ‘నీకు తోచినట్లు కుప్పలు పెట్టు’ అంటే చాలు. పన్నెండు కుప్ప పెట్టాడా, ఇరవై కుప్ప పెట్టాడా, పది కుప్పా అన్నది కళ్ళెదుట తెలుస్తుంది. అక్కడినుంచి పదుల కట్టకు దారి వేయవచ్చు. మైదానంవారికి కూడా ఇది కొత్తేమీ కాదు. డజను లెక్క అరటిపళ్ళకుంది, నాలుగింటిని ‘పుంజీ’ అనే అలవాటు మనకుంది. పది ఒక్కటే లెక్కకు ఆధారం కాదని తరగతి మొత్తం నేర్చుకొంటే సవరపిల్లవాని వల్ల తెలుగుపిల్లలకు మేలు జరిగినట్లు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003-04 ప్రాంతంలో మొదలైన బహుభాషావిద్యా కార్యక్రమంలో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే 8 భాషలలో వాచకాలు తయారయ్యాయి, తెలుగులిపిలోనే. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధన జరగాలని చెబుతుంది, అదే సెక్షన్ బిడ్డను భయాందోళనల నుంచి విముక్తం చేయాలని కూడా చెబుతుంది. ఈ రెండు వాక్యాలు పక్కపక్కనే ఉండడం యాదృచ్ఛికం కావచ్చు, కొండబడిలో మాత్రం అవి ఒకే విషయం. వాచకం అచ్చయినంతమాత్రాన పని పూర్తి కాదు. ఆ భాష తెలియని ఛాత్రోపాధ్యాయుడు కనీసం పాతిక మాటలు నేర్చుకొని వెళ్ళాలి: రా, కూర్చో, నీళ్ళు, ఆకలి, నొప్పి, ఇంటికి, భయం, మళ్ళీ చెప్పు. వీటిలో ‘మళ్ళీ చెప్పు’ ఉపాధ్యాయునికే ఎక్కువగా పనికివస్తుంది.

6. ఖాళీ స్థలాలు

తీరగ్రామాల బడులలో భాష కంటే హాజరుపట్టీ ఎక్కువ చెబుతుంది. ఇక్కడి మత్స్యకారులు ఎందరో గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలసపోయి బోట్లపై పనిచేస్తారు. 2018 చివర అలా వెళ్ళినవారిలో కొందరు పాకిస్తాన్ అధికారులకు పట్టుబడి 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ పద్నాలుగు నెలలూ వారి పిల్లలు ఏదో ఒక తరగతిగదిలో కూర్చొని ఉంటారు. ‘మా నాన్న’ అనే వ్యాసం రాయమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

తండ్రి వలసలోను, తల్లి కూలిపనిలోను, పిల్లవాడు అమ్మమ్మ వద్దా ఉన్నప్పుడు ఇంటిపని ఎందుకు చేయలేదన్న ప్రశ్నను అందరి ముందు అడగడం వల్ల ప్రయోజనం లేదు. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరే వేళకు చేపల తట్ట అందుకోవడానికి వెళ్ళిన పిల్లవాడు రెండవ పీరియడ్‌లో కునుకుతాడు. సంక్రాంతికి వలసవారు తిరిగివస్తారు గనుక పండుగకు అటూ ఇటూ హాజరు పడిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను కూల్చివేసిన తరవాత అనేక కుటుంబాల ఆదాయంతోపాటు పిల్లల చదువు లయ కూడా చెదిరింది. ఛాత్రోపాధ్యాయుడు వీటిని తీర్చలేడు. హాజరుపట్టీలో ‘గై’ అని గుర్తుపెట్టడంతో ఆగకుండా, తిరిగివచ్చిన పిల్లవాని పక్కన రోజూ వచ్చే మరొకరిని కూర్చోబెట్టి, తప్పిపోయిన పాఠాన్ని మధ్యాహ్నభోజన విరామంలో పది నిమిషాలు చెప్పించగలడు. ఇది చిన్న ఏర్పాటే. అయినా తిరిగిరావడం కంటే రాకపోవడమే సులువనిపించే స్థితిని కొంత తప్పిస్తుంది.

7. ఇద్దరు ఉపాధ్యాయులు, అయిదు తరగతులు

అరవైమంది వరకు ఉన్న ప్రాథమికపాఠశాలకు చట్టం నిర్దేశించింది ఇద్దరు ఉపాధ్యాయులనే. అంటే బహుతరగతి బోధన ఇక్కడ మినహాయింపు కాదు, నిత్యకృత్యం. శిక్షణ కళాశాలలో ఒక్క తరగతికి, ఒక్క పీరియడ్‌కు రాసిన పాఠ్యపథకం ఈ గదిలో మొదటిరోజే నిలవదు. ఒక గుంపుకు పాఠం చెబుతున్నప్పుడు మిగిలిన రెండు గుంపులకు ఉపాధ్యాయుని సాయం లేకుండా సాగే పని ఉండాలి. ఆ పనికి సూచనలు పిల్లలకు అర్థమయ్యే మాటలో ఉండాలి. కూనిన్ చెప్పిన ‘తెంపులేని నడక’కు ఇక్కడ అర్థం ఇదే.

మరొక్క అంశం. అమెరికన్ విద్యావేత్త మేరీ బడ్ రో 1970లలో తరగతులను పరిశీలించి, ప్రశ్న వేసిన తరవాత ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. దానిని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండేవారు మాట్లాడారు. ఇంటిభాషలో ఆలోచించి బడిభాషలోకి మార్చుకోవలసిన పిల్లవానికి ఆ మూడు సెకన్లు కూడా చాలవు. పదిదాకా మనసులో లెక్కపెట్టి ఆగడం ఛాత్రోపాధ్యాయునికి చాలా కష్టం. వెనుక పర్యవేక్షకుడు కూర్చొని ఉంటే ఇంకా కష్టం. ఆ నిశ్శబ్దం పాఠం ఆగిపోయినట్లు కనిపిస్తుంది.

8. పరిశీలనపుస్తకంలో లేని పుట

ఛాత్రోపాధ్యాయుని పాఠాన్ని అంచనావేసే పత్రాలలో సాధారణంగా కంఠస్వరం, నల్లబల్ల పని, బోధనోపకరణాలు, తరగతిపై అదుపు వంటి అంశాలు ఉంటాయి. అన్నీ ఉపాధ్యాయుడు చేసినవే. పిల్లలు ఏమన్నారో రాసే చోటు ఉండదు. ప్రతి పాఠానికి ఒక పుట అదనంగా చేర్చి, ఆ రోజు పిల్లలు పలికిన ఇంటిమాటలు, తప్పుగా కనిపించిన జవాబులు, వాటి వెనుక తర్కం, ఎవరెవరు అసలు మాట్లాడలేదు అన్నవి నమోదు చేయించవచ్చు. ఇందుకు కొత్త నిధులు అక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా వమరవల్లిలోని జిల్లా విద్యాశిక్షణసంస్థ వంటి కేంద్రాలలో ఏటా ఇలాంటి పుటలను మండలాల వారీగా కూర్చితే, తరవాతి ఏడు ఆ బడికి వెళ్ళే ఛాత్రోపాధ్యాయుని చేతిలో ఆ ఊరి పిల్లల మాటల పట్టిక ఒకటి ఉంటుంది. మొదటిరోజు హాజరు తీసుకొనేముందు అతడు దానిని చదువుకొని వెళ్ళవచ్చు.